ఎపిక్టెటస్ అమ్మ పార్టీయా? ఆదివారం క్లాసులో వచ్చిన చిక్కు

కాడుగోడి_అక్క | ఆదివారం, సాయంత్రం 6.10

అందరికీ నమస్కారం. పెద్ద పోస్టు, ఓపికున్నవాళ్లు చదవండి. విషయం కూడా ఓపికే.

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఆదివారం పొద్దున పదకొండు మంది పిల్లలు కూర్చుంటారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉన్నారు. ఏడాది కిందట తెలుగు నేర్పుదామని మొదలుపెట్టాం. వారమంతా బడిలో ఇంగ్లీషు, కన్నడ, హిందీ అయ్యాక ఆదివారం కూడా గుణింతాలంటే ఎవరికి మనసొప్పుతుంది? నాలుగు వారాలకే సగం మందికి కడుపునొప్పులు వచ్చేశాయి. ఒకరోజు కథ చెబుతూ మధ్యలో ఆపి "ఇప్పుడు వీడేం చేయాలి?" అన్నాను. అంతే, ఒకరి మీద ఒకరు పడి తెలుగులో పోట్లాడుకున్నారు. తప్పుల తెలుగే అనుకోండి, తెలుగైతే తెలుగే. అప్పటినుంచి కథను సగంలో ఆపడమే మా సిలబస్.

ఈ మధ్య స్టోయిక్కుల కథలు పట్టుకున్నాం. తెలియనివాళ్లకు రెండు ముక్కలు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో సైప్రస్ దీవి నుంచి వచ్చిన జీనో అనే ఆయన ఏథెన్స్‌లో బొమ్మలు వేసిన ఒక వసారాలో తత్వశాస్త్రం పాఠాలు చెప్పేవాడు. వసారాను గ్రీకులో స్టోవా అంటారు. ఆ పేరే వీళ్లకు నిలిచిపోయింది. మన మాటల్లో చెప్పాలంటే అరుగుబడి.

ఇవాళ ఎపిక్టెటస్ దీపం కథ చెప్పాను. ఈయన రోమ్‌లో బానిస, ఒక కాలు కుంటి. తర్వాత స్వేచ్ఛ దొరికి పంతులయ్యాడు. ఇంట్లో దేవుళ్ల దగ్గర ఒక ఇనప దీపం పెట్టుకున్నాడు. ఒకరోజు కిటికీ వైపు చప్పుడైతే పరుగెత్తుకెళ్లి చూశాడు. దీపం లేదు. ఇక్కడ ఆపాను. సీసీటీవీ చూడాలన్నాడు ఒకడు. సెక్యూరిటీ అన్నను పిలవాలంది ఇంకో పిల్ల. "రేపు మట్టి దీపం తెచ్చుకుంటే సరి, ఉన్నదే కదా పోయేది అనుకున్నాడు" అని నేను కథ ముగించాను.

అప్పుడు ఏడో తరగతి అమ్మాయి ఒకతె సంచిలోంచి జామెట్రీ బాక్స్ తీసి బల్ల మీద పెట్టింది. కంపాస్ ముల్లు గాలానికి కొక్కెంలా వంగిపోయి ఉంది. ప్రొట్రాక్టర్ అరవై దగ్గర రెండు ముక్కలైంది. సందుల్లో ఎండిన మట్టి. "మా తమ్ముడు దీంతో కుండీలో మట్టి తవ్వాడు. అమ్మకు చెబితే నువ్వు పెద్దదానివి, ఓర్చుకో అంది. అంటే ఎపిక్టెటస్ కూడా అమ్మ పార్టీయేనా ఆంటీ?"

పదకొండు మందీ నా మొహం చూశారు. టైమైపోయిందని చెప్పి బిస్కెట్లు పంచాను.

వచ్చే ఆదివారంలోపు ఆ పిల్లకు జవాబు చెప్పాలి. ఓర్పు నేర్పుతూ న్యాయం కూడా నేర్పడం ఎలాగో మీలో ఎవరైనా చేసి చూశారా?

---

లెక్కల_మాస్టారు | ఆదివారం, రాత్రి 9.35

బిస్కెట్లు పంచడం మంచి నిర్ణయం. నేను ఇరవై ఏళ్లుగా బెల్లు కొట్టగానే అదే పని చేస్తున్నాను.

కేఆర్ పురం వైపు ఒక బడిలో ఏడు, ఎనిమిది తరగతులకు లెక్కలు చెబుతాను. నాకు తోచింది ఇది. దీపం పోయింది ఎపిక్టెటస్‌ది. మట్టి దీపంతో సరిపెట్టుకుందామనుకున్నదీ ఎపిక్టెటస్సే. పక్కింటివాడి దీపం పోతే వెళ్లి "పోనీలే, మట్టిది కొనుక్కో" అనలేదు. మనం పిల్లలకు ఓర్పు బోధించేది మాత్రం దాదాపు ప్రతిసారీ పక్కింటివాడి దీపం పోయినప్పుడే. ఆ అమ్మాయి పట్టుకున్నది అక్కడే.

ఇంకొకటి చెబుతాను, మీ క్లాసులో పనికొస్తుందేమో. ఆయన సొంతంగా ఏమీ రాయలేదు, అరియన్ అనే శిష్యుడు విని రాసిపెట్టాడు. అందులో చిన్న పుస్తకం మొదలయ్యేదే "కొన్ని మన చేతిలో ఉంటాయి, కొన్ని ఉండవు" అని. ఒకసారి బోర్డు మీద నిలువుగా గీత గీసి, అటు మన చేతిలో ఉన్నవి, ఇటు లేనివి రాయమన్నాను. వాన, ట్రాఫిక్, అన్నయ్య మూడ్... ఇవన్నీ చకచకా ఇటు పడ్డాయి. "పరీక్షలో మార్కులు" అనగానే యుద్ధం. పీరియడ్ మొత్తం దానికే పోయింది. చివరికి ఒకడు లేచి "చదవడం నా చేతిలో ఉంది, దిద్దడం మీ చేతిలో ఉంది, కాబట్టి మార్కులు గీత మీద రాయండి సార్" అన్నాడు. నేను అలాగే గీత మీదే రాశాను.

అయితే జాగ్రత్త. మరుసటి వారం అదే పిల్లవాడు హోంవర్క్ లేకుండా వచ్చాడు. "కరెంటు నా చేతిలో లేదు సార్" అన్నాడు. ఫిలాసఫీ ఎంత తొందరగా వంటబడుతుందో చూడండి.

---

బాణసవాడి_తాత | సోమవారం, ఉదయం 5.50

తల్లీ, నాకర్థం కానిది ఒక్కటే. గ్రీసుకు, రోముకు పోవాల్సిన అవసరమేమొచ్చింది? "తన కోపమె తన శత్రువు" అని మన పిల్లలు పలకా బలపం పట్టిన నాడే నేర్చుకునేవాళ్లు. న్యాయం కావాలంటే యక్షప్రశ్నలు ఉన్నాయి. నలుగురు తమ్ముళ్లూ మడుగు దగ్గర పడిపోయి ఉన్నారు. ఒక్కణ్ణే బతికిస్తా, ఎవరు కావాలో కోరుకో అన్నాడు యక్షుడు. ధర్మరాజు భీముణ్ణి కోరలేదు, అర్జునుణ్ణి కోరలేదు, నకులుణ్ణి కోరాడు. కుంతికి నేనున్నాను, మాద్రికి కూడా ఒక కొడుకు ఉండాలి కదా అన్నాడు. ముందున్న యుద్ధానికి గాండీవం కావాలని తెలిసీ అలా కోరాడు. ఇంతకంటే గట్టి చిక్కుముడి మీ వసారా వాళ్ల దగ్గర ఉందా?

---

కాడుగోడి_అక్క | సోమవారం, ఉదయం 7.20

తాతగారూ, అదీ చెప్పాను. అది చెప్పిన రోజు క్లాసు పదిహేను నిమిషాల్లో అయిపోయింది. "నకులుడు" అని అందరూ ఒకేసారి అరిచారు. టీవీలో చూసేశారు! జవాబు ముందే తెలిస్తే ఆలోచించరు, అప్పగిస్తారు. గ్రీకు కథల్లో వీళ్లకు హీరో ఎవడో తెలియదు, మంచివాడెవడో తెలియదు. నాకు కావాల్సింది ఆ తెలియకపోవడమే. మనవాటి కంటే గొప్పవని కాదు.

మాస్టారూ, "పక్కింటివాడి దీపం" మాట నాకు బాగా ఎక్కింది. కాకపోతే ఆ అమ్మాయికి అదే చెబితే నేరుగా ఇంటికెళ్లి వాళ్లమ్మతో అంటుంది. ఆవిడ మా ఎదురు ఫ్లాటే.

---

రాగిసంగటి | సోమవారం, మధ్యాహ్నం 1.15

అక్కా, లంచ్‌లో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

మా అనంతపురం తట్టు మాటకు ముందొకసారి "ఓర్చినమ్మకు తేటనీరు" అనేది మా అవ్వ. చిన్నప్పుడు బావి దగ్గర నిలబడి బుద్ధిగా వినేదాన్ని. ఈ మధ్య తట్టింది, సామెతలో ఉన్నది అమ్మ. ఓర్చినయ్యకు తేటనీరు అని ఎవరూ అనలేదే! బురదనీళ్లు తేరుకునేదాకా బిందె పట్టుకుని నిలబడింది ఎవరో సామెతే చెబుతోంది. మీ క్లాసు పిల్ల అడిగింది జామెట్రీ బాక్స్ గురించి మాత్రమే కాదేమో. పెద్దది కాబట్టి ఓర్చుకోమన్నారు. తమ్ముడే పెద్దవాడై ఉంటే "మగపిల్లాడు, తెలియక చేశాడు" అనేవాళ్లు. ఏ లెక్కలోనైనా ఓర్చుకునేది ఆ పిల్లే. (మా ఇంట్లో నేనూ చేశా ఈ పని, దాచడమెందుకు.)

ఓర్పు నేర్పాలంటే ముందు పెద్దవాళ్ల కోపంతో మొదలుపెట్టాలి. సెనెకా అనే రోమన్ స్టోయిక్ కోపం మీద మూడు భాగాల పుస్తకం రాశాడు. కోపానికి అన్నిటికంటే పెద్ద మందు ఆలస్యం అంటాడు. అందులో ప్లేటో కథొకటి ఉంది. బానిస మీద కోపమొచ్చి కొట్టడానికి చెయ్యెత్తాడట. ఎత్తాక, నాకు కోపమొచ్చింది కదా అని తెలుసుకుని, ఆ ఎత్తిన చెయ్యి అలాగే గాల్లో నిలిపేశాడట. స్నేహితుడొచ్చి ఇదేంటయ్యా అంటే "ఒక కోపిష్టిని శిక్షిస్తున్నా" అన్నాడట.

పోయిన నెల నేనూ చేసి చూశా. మావాడు దోసెపిండి గిన్నెలో క్రికెట్ బాల్ వేశాడు. ఎలా పడిందని అడక్కండి. చేతిలో గరిటె, చెయ్యి పైకి లేచింది, కథ గుర్తొచ్చి ఆపా. పిండి గరిటెలోంచి మోచేతి దాకా కారుతోంది. మావాడు ఒక నిమిషం చూసి "అమ్మా, హ్యాంగ్ అయ్యావా?" అన్నాడు. ఆ తర్వాత ఇంకేం కొడతాను!

---

బెల్లందూరు_గొణుగుడు | సోమవారం, రాత్రి 11.02

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి ఒకరైనా అడ్డం మాట్లాడాలి.

ఈ స్టోయిక్కులను ఆఫీసుల్లో ఎందుకు అంతగా వాడుతున్నారో ఆలోచించారా? "నీ చేతిలో లేనిదాని గురించి టెన్షన్ పడకు" అనే మాట మేనేజరుకు ఎంత సుఖం! అప్రైజల్ రోజు నేనూ విన్నాను. ఓర్పు గురించి చెప్పినవాళ్లలో ఒకాయన బానిస, ఇంకొకాయన చక్రవర్తి, మీ సెనెకా నీరోకు గురువు, పెద్ద ధనవంతుడు. బానిసకు ఓర్పు తప్ప వేరే దారి లేదు. చక్రవర్తికి ఓర్చుకోవాల్సినంత బాధ ఏముంటుంది? తుఫానులో ఓడ బరువు తగ్గించాలంటే ఖరీదైన గుర్రాన్ని పారేయాలా, చవక బానిసనా అని కూడా వీళ్లలో ఒకడు ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న వేయగలగడమే నాకు గుచ్చుకుంటుంది.

అసలు భయం పిల్లల గురించి. పన్నెండేళ్ల వయసులో బస్సులో ఎవడో రోజూ టిఫిన్ లాక్కుంటుంటాడు, పేరు పెట్టి ఏడిపిస్తుంటాడు. ఆ పిల్లవాడు మీ క్లాసుకొచ్చి "ఇది నా చేతిలో లేదు" అని నేర్చుకుని నోరు మూసుకుంటే? మా అబ్బాయి ఒక ఏడాదంతా అలాగే మూసుకున్నాడు. ఏ ఫిలాసఫీ చదవకుండానే. కాబట్టి మొదటి రోజే చెప్పండి: ఎవరైనా కొడితే, ముట్టుకుంటే, భయపెడితే అది ఓర్పు చాప్టర్ కాదు, వెంటనే పెద్దవాళ్లకు చెప్పాలి. పెద్దవాళ్లు వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. ఆ నంబరు బోర్డు మీద రాశాకే దీపం కథ చెప్పండి.

---

లెక్కల_మాస్టారు | మంగళవారం, ఉదయం 6.40

గొణుగుడు గారూ, మీరు గొణిగినా నిజం గొణిగారు. నంబరు మా క్లాసులో ఇవాళే రాస్తున్నాను.

చక్రవర్తికి బాధలు లేవన్నది మాత్రం ఒప్పుకోను. మార్కస్ ఆరీలియస్ 161 నుంచి 180 దాకా ఏలాడు. ఎక్కువ కాలం యుద్ధాలు, పైగా మహమ్మారి, కన్నపిల్లల్లో చాలామందిని పోగొట్టుకున్నాడు. పొద్దున పక్క మీద నుంచి లేవబుద్ధి కాక తనకు తాను నచ్చజెప్పుకుంటూ రాసుకున్న పేజీ ఒకటుంది. ఎనిమిదో తరగతికి అది చదివి వినిపిస్తే, చక్రవర్తికీ బడికెళ్లాలంటే బద్ధకమేనా అని తెగ సంతోషించారు.

---

పుస్తకాల_పురుగు | మంగళవారం, సాయంత్రం 4.25

అక్క ప్రశ్నకు నా దగ్గరొక చిన్న ముక్క ఉంది. చిన్నదే కానీ దాంతో విషయం కొంచెం తిరగబడుతుంది.

స్టోయిక్కులకు ప్రధాన సద్గుణాలు నాలుగు: వివేకం, ధైర్యం, న్యాయం, నిగ్రహం. ఓర్పు ఆ నాలుగింటిలో లేదు. మరి ఎక్కడ పెట్టారు? నేనైతే నిగ్రహం కింద ఉంటుందనుకున్నాను. కాదు, ధైర్యం కింద. కష్టాన్ని తట్టుకుని నిలబడడాన్ని ధైర్యంలో ఒక కొమ్మగా లెక్కవేశారు. మనం ఇంట్లో "ఓర్చుకో" అంటే దాని అర్థం చాలాసార్లు "అరవకు, నాకు తలనొప్పిగా ఉంది" అని. వాళ్ల లెక్కలో ఓర్చుకోవడమంటే వణక్కుండా నిలబడడం. వణక్కుండా నిలబడినవాడు అడగాల్సింది అడగగలడు. పైగా న్యాయం ఆ నాలుగింటిలో తన కాళ్ల మీద తాను నిలబడింది. ఓర్పు పేరు చెప్పి దాన్ని పక్కన పెట్టడం కుదరదు.

కాబట్టి ఆ అమ్మాయికి: ఎపిక్టెటస్ అమ్మ పార్టీ కాదమ్మా.

---

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 10.10

పురుగు గారు తలుపు తీశారు, నేనూ దూరుతున్నా. మార్ష్‌మాలో పరీక్ష గురించి వినే ఉంటారు. ఇప్పుడు ఒకటి తింటావా, ఆగితే రెండిస్తా అనేది. ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగుపడతారని ప్రచారమైంది. 2018లో ఇంకా ఎక్కువమంది పిల్లలతో చూస్తే, ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా చాలా తగ్గిపోయింది.

నాకు అంతకంటే నచ్చింది రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసి, 2013లో ప్రచురించిన ఇంకో పరీక్ష. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 28 మంది. ముందు వాళ్లకు మంచి రంగులు తెస్తానని, స్టిక్కర్లు తెస్తానని మాటిచ్చారు. సగం మందికి మాట నిలబెట్టారు. మిగతా సగానికి "సారీ, లేవు" అన్నారు. ఆ తర్వాత మిఠాయి పెట్టి ఆగమన్నారు. మాట నిలబెట్టిన గుంపు సగటున 12 నిమిషాలు ఆగింది. మాట తప్పిన గుంపు 3 నిమిషాలు. ఆ పిల్లలకు ఓర్పు లేక కాదు, ఎదురుగా ఉన్న పెద్దమనిషి ఎలాంటివాడో అప్పటికే చూశారు.

ఇది చదివాక నేను "ఆగండి, చివర్లో ఆడుకోనిస్తా" అని క్లాసులో అనడం మానేశాను. ఎందుకంటే సిలబస్ మిగిలిపోయి చాలాసార్లు ఆడుకోనివ్వలేదు. ఇప్పుడు అంటే మాత్రం ఆడనిస్తాను. హెడ్‌మిస్ట్రెస్ దగ్గర చీవాట్లు తిన్నా సరే.

---

బాణసవాడి_తాత | బుధవారం, ఉదయం 5.45

ఈ మిఠాయి ముచ్చట బాగుంది. మనవడికి సైకిల్ కొంటానని ఉగాదికి మాటిచ్చాను. దసరా వెళ్లిపోయింది. నేనిక మాట్లాడను.

---

కాడుగోడి_అక్క | ఆదివారం, మధ్యాహ్నం 2.30

క్లాసు అయింది. ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా రాస్తున్నా.

ముందు బోర్డు మీద 1098 రాశాను. తర్వాత క్రిసిప్పస్ అనే స్టోయిక్ చెప్పిన పరుగుపందెం కథ చెప్పాను. రెండు వాక్యాల కథే: పందెంలో పరుగెత్తేవాడు గెలవడానికి ఒళ్లంతా పెట్టి పరుగెత్తొచ్చు, కానీ పక్కవాడి కాలికి కాలు అడ్డం పెట్టకూడదు, చేత్తో తోయకూడదు. పిల్లలు దాన్ని వెంటనే టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గరికి లాక్కెళ్లారు. బ్యాటు తెచ్చినవాడికి ముందు ఆడే హక్కుందా? బంతి మాత్రమే తెచ్చినవాడి సంగతేంటి? వచ్చే వారం వాళ్లే రూల్స్ రాసుకొస్తారట.

అసలు కథ రోడ్స్ దీవిది. సిసెరో అనే రోమన్ రచయిత క్రీస్తుపూర్వం 44లో, ఏథెన్స్‌లో చదువుకుంటున్న కొడుకు కోసం రాసిన పుస్తకంలోది. రోడ్స్‌లో కరువు. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియా నుంచి ఓడ నిండా ధాన్యం తెచ్చాడు. వెనక ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని దారిలో చూశాడు. ఊళ్లోవాళ్లకు ఆ సంగతి తెలియదు. చెబితే ధర పడిపోతుంది, చెప్పకపోతే బంగారం. చెప్పాలా? దీని మీద స్టోయిక్ గురువు డయోజెనిస్ ఒక మాట అన్నాడు, ఆయన శిష్యుడు ఆంటిపేటర్ ఇంకో మాట అన్నాడు. అబద్ధం ఆడనంతవరకు, చట్టం చెప్పమన్నది చెబితే చాలు, దాచిపెట్టడం వేరు, ఊరుకోవడం వేరు అన్నాడు గురువు. అందరం ఒకరి మేలు ఒకరు చూసుకోవాల్సినవాళ్లం, కొనేవాడికి తెలియనిది ఏదీ మిగలకూడదు అన్నాడు శిష్యుడు.

పిల్లలకు రోడ్స్ పట్టలేదు. అందుకని ట్యాంకర్ చేశాను. 2024 మార్చి గుర్తుంది కదా, మన లేఅవుట్లలో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల రేట్లు ఇష్టమొచ్చినట్టు పెరిగి, చివరికి ప్రభుత్వమే రేటు ఖరారు చేయాల్సి వచ్చింది. అప్పుడు వీళ్లు బకెట్ నీళ్లతో తలస్నానం చేసినవాళ్లే. ట్యాంకర్ అన్నకు రేపు పొద్దున కావేరి నీళ్లు వదులుతారని తెలుసు, మనకు తెలియదు. మన అసోసియేషన్ రెండు రోజులకు సరిపడా నీళ్లు కొనబోతోంది. చెప్పాలా?

ఇక చూడండి. ఒకడు "చెప్పాలి, కానీ డబ్బు తీసుకున్నాక చెప్పాలి" అన్నాడు. ఇంకో అమ్మాయి "డీజిల్ ఖర్చెవరిస్తారు? ఆయనకూ పిల్లలుంటారు" అంది. మూడోవాడు, ఆరో తరగతి, చాలా శాంతంగా, "అడిగితే చెప్పాలి, అడక్కపోతే చెప్పక్కర్లేదు. మా నాన్న పాత స్కూటర్ అమ్మినప్పుడు అలాగే చేశారు. చలికి స్టార్ట్ అవదని వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు. మధ్యాహ్నం ఎండలో రమ్మన్నాం" అన్నాడు.

క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను, క్షమించాలి.

జామెట్రీ బాక్స్ అమ్మాయి చివరిదాకా ఏమీ మాట్లాడలేదు. వెళ్లేముందు దగ్గరికొచ్చి "నేను అరవను ఆంటీ, కొట్టను కూడా. కానీ వాడు కొత్తది కొనివ్వాలి. రెండూ కుదరవా?" అంది. మీరందరూ వారమంతా రాసింది చెబుదామని నోట్స్ తయారుచేసుకున్నాను, సంచిలోనే ఉండిపోయింది. తమ్ముడు మూడో తరగతి. వారానికి పది రూపాయలిస్తానని ఒప్పుకున్నాడట. మొదటి పది ఇచ్చాడు. చిల్లర, అన్నీ రూపాయి బిళ్లలు.

---

వర్తూరు_నాన్న | ఆదివారం, రాత్రి 8.05

ఆ స్కూటర్ నాన్నను నేనే.

రెండు నెలలుగా ఈ వేదిక చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. మొదటి పోస్టు ఇలా రాయాల్సి వస్తుందనుకోలేదు.

నిజమే. చోక్ లాగి ఇరవై సార్లు కిక్ కొడితే గానీ పొద్దున స్టార్ట్ అయ్యేది కాదు. ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు "మంచి కండిషన్" అని రాశాను. మధ్యాహ్నం కొంచెం కిక్‌కే స్టార్ట్ అయ్యేది, అదీ నిజమే. కొన్నాయన హోస్కోటె నుంచి వచ్చాడు, చేతిలో లంచ్ బ్యాగు ఉంది. మావాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను వాణ్ణి గమనించలేదు, వాడు మాత్రం నన్ను పూర్తిగా గమనించాడు.

ఎనిమిది నెలలైంది. ఆయన నంబరు ఫోన్‌లో ఇంకా ఉంది. భోజనాల దగ్గర మావాడు ఏమీ అనడం లేదు, ఊరికే చూస్తున్నాడు. ఫోన్ చేయాలా?

---

రాగిసంగటి | ఆదివారం, రాత్రి 8.20

అన్నా, ముందు నీ ధైర్యానికి దండం. మా ఆయన అయితే ఐడీ మార్చుకుని ఊరు వదిలి పోయేవాడు.

---

పుస్తకాల_పురుగు | ఆదివారం, రాత్రి 9.15

మీ స్కూటర్ కూడా ఆ సిసెరో పుస్తకంలో ఉంది, ఇల్లు రూపంలో. ఒకాయన ఇల్లు అమ్ముతున్నాడు. అన్ని గదుల్లో పాములు తిరుగుతాయని, కలప పుచ్చిపోయిందని ఆయనకొక్కడికే తెలుసు. గురువుగారి వాదన వినండి: "అమ్మకానికి ఇల్లు" అని బోర్డు పెట్టాడు గానీ కొనమని బలవంతం చేయలేదు కదా! సిసెరో ఇద్దరి మాటలూ విని చెప్పాల్సిందేనని తేల్చాడు. ధాన్యం ఓడ విషయంలోనూ అంతే.

తాతగారి కోసం ఒక ముక్క. హైరోక్లీస్ అనే స్టోయిక్ మనిషి చుట్టూ వలయాలు గీశాడు. లోపల మనం, తర్వాత ఇంటివాళ్లు, బంధువులు, ఊరు, చివరికి మనుషులందరూ. బయటి వలయాన్ని లోపలికి లాక్కోమంటాడు. అందుకు ఒక చిట్కా, పిలుపు మార్చడం. మేనమామల్ని, బాబాయిల్ని నాన్న అని, పిన్నమ్మల్ని అమ్మ అని పిలవమంటాడు.

---

బాణసవాడి_తాత | సోమవారం, ఉదయం 5.40

చిన్నాన్న, పెద్దనాన్న, చిన్నమ్మ, పెద్దమ్మ. అన్నిటి చివరా నాన్నా అమ్మే ఉన్నారు. ఆయన పాపం గ్రీకులో పుట్టి కష్టపడ్డాడు. (మేనమామను నాన్న అనమంటే మాత్రం మన దగ్గర పెళ్లి లెక్కలు తారుమారవుతాయి, ఆ సంగతి ఆయనకు తెలియదు.)

వర్తూరు నాయనా, ఫోన్ చెయ్యి. నిన్న సైకిల్ కొన్నాను, ప్రాణం హాయిగా ఉంది.

---

బెల్లందూరు_గొణుగుడు | సోమవారం, రాత్రి 10.50

చేయకపోయినా ఫర్వాలేదు అంటాను. పాత బండి కొనేవాడికి పాత బండి అని తెలుసు. కానీ మీ అబ్బాయితో మాట్లాడండి. "తెలివిగా చేశాం" అని మిగిలిపోనివ్వకండి.

---

లెక్కల_మాస్టారు | మంగళవారం, రాత్రి 9.30

ఇవాళ ఎనిమిదో తరగతిలో దొంగనోటు ప్రశ్న వేశాను. అదీ ఆ గురుశిష్యుల గొడవే. మనకు తెలియకుండా దొంగనోటు చేతికొచ్చింది, తర్వాత తెలిసింది. అప్పు తీర్చడానికి దాన్ని మంచి నోటులా ఇవ్వొచ్చా? ఇవ్వొచ్చన్నాడు డయోజెనిస్, కూడదన్నాడు ఆంటిపేటర్. నేనొక ఐదువందల నోటు చూపించి ఇది దొంగదనుకోండి అని క్లాసంతా తిప్పాను. ఒక్కొక్కరూ వెలుతురుకు పెట్టి చూసి, వేలితో రుద్ది, పక్కవాళ్లకు ఇచ్చారు. చివరి బెంచీకి వెళ్లేసరికి ఒక పిల్లవాడు తీసుకోనన్నాడు. "ఉత్తుత్తిదేరా" అన్నాను. "తెలుసు సార్. కానీ ఇది నా దగ్గరే ఆగాలంటే ఐదువందలు నాకు పోవాలి కదా" అన్నాడు.

గంట కొట్టారు. ఈసారి నేను కొట్టించలేదు.

---

కాడుగోడి_అక్క | శనివారం, ఉదయం 11.00

రేపు క్లబ్‌హౌస్ ఎవరిదో పుట్టినరోజుకు బుక్ అయింది. బి బ్లాక్ కింద పార్కింగ్ దగ్గర కూర్చుంటాం, చాపలు తెచ్చుకోమని పిల్లలకు చెప్పండి. టేబుల్ టెన్నిస్ రూల్స్ మొత్తం పదిహేడయ్యాయి, పన్నెండో రూల్ తొమ్మిదోదాన్ని కొట్టేస్తుంది. జామెట్రీ బాక్స్ అమ్మాయికి ఈ వారం పది రూపాయలు రాలేదు. అడిగిందట, రేపిస్తానన్నాడట. మొన్న వాళ్లమ్మ లిఫ్టులో కనబడి "మా పాప ఇంట్లో ఎవరో గ్రీకాయన పేరు చెప్పి నన్ను నిలదీస్తోంది, మీరేనా" అన్నారు. నేనే అన్నాను. మూడో అంతస్తు నుంచి కిందికి చాలా సేపు పట్టింది.

---

వర్తూరు_నాన్న | శనివారం, రాత్రి 9.45

ఫోన్ చేశాను. మావాడు పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమన్నాడు, పెట్టాను.

పేరు చెప్పగానే ఆయన గుర్తుపట్టాడు. చలికి స్టార్ట్ అవదని నాకు ముందే తెలుసు, చెప్పలేదు, తప్పయింది, రిపేరుకు ఎంతయిందో చెబితే పంపిస్తానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నవ్వి, మొదటి వారంలోనే తెలిసిపోయిందని, మెకానిక్ దగ్గర నన్ను బాగా తిట్టుకున్నానని అన్నాడు. డబ్బేమీ వద్దు సార్, ఆ బండి ఇప్పుడు నా దగ్గర లేదు, రెండు నెలల కిందట అమ్మేశానన్నాడు.

సరే సార్ అని పెట్టేశాను. మావాడు ఫోన్ వైపే చూస్తున్నాడు.

"ఆయన చెప్పి అమ్మాడా నాన్నా?"

తెలియదురా అన్నాను. మళ్లీ ఫోన్ చేసి అడగమంటున్నాడు.